అమ్మకానికి పెట్టిన పెద్ద ఇంటిని ఎలా చూడాలి: పెరట్లో మొదలుపెట్టి హాలు దాకా

విజయనగరంలో మా చుట్టాల్లో ఎవరు పెద్ద ఇల్లు కొనాలనుకున్నా "నువ్వూ ఒకసారి రా, చూసి చెబుదువు గానీ" అంటూ నన్ను వెంటబెట్టుకెళ్లడం అలవాటైపోయింది. నేను ఇంజినీరును కాను. చాలా ఇళ్లు చూశాను, ఒకటి రెండు చోట్ల పప్పులో కాలేశాను, అంతే నా అర్హత.

ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి, నచ్చకపోతే ఇంటివాళ్లకు ఎలా చెప్పాలి అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. మీరు కొనేవాళ్లు కాకపోయినా, రేపు కట్టుకోబోయే ఇంటి కోసం నాలుగు ఇళ్లు చూసొద్దామనుకున్నా వరుస ఇదే.

అమ్మే ఇంటిని వీధి వైపు నుంచి ముస్తాబు చేస్తారు. కాబట్టి మనం పెరటి వైపు నుంచి చూసుకుంటూ రావాలి. హాలు ఆఖర్న.

1. బయలుదేరే ముందే ఫొటోల్లో సగం ఇల్లు చూసేయండి

వైడ్ యాంగిల్‌లో తీస్తే పన్నెండు అడుగుల గది కల్యాణమండపంలా కనిపిస్తుంది. ఫొటోలో నేల మీద టైళ్లు లెక్కపెట్టండి. చదరపు టైలు అయితే ఇప్పుడు ఎక్కువగా వేస్తున్నది రెండడుగులది. ఆ గోడ నుంచి ఈ గోడకు ఆరు టైళ్లుంటే అది పన్నెండు అడుగుల గదే.

తర్వాత, ఏ గది ఫొటో పెట్టలేదో రాసుకోండి. హాలువి ఏడు ఫొటోలు పెట్టి వంటగదిది ఒక్కటీ పెట్టలేదంటే అక్కడేదో ఉంది. మ్యాపులో శాటిలైట్ బొమ్మ తెరిచి ఇంటి వెనక ఏముందో కూడా చూడండి: గెడ్డా (వాగు), చెరువు గట్టా, కల్యాణమండపమా.

ఫోన్‌లోనే అడగాల్సినవి:

- స్థలం ఎన్ని గజాలు? అది డాక్యుమెంటులో ఉన్న లెక్కా, కొలిచిన లెక్కా?
- కట్టి ఎన్నేళ్లయింది? పై అంతస్తు అప్పుడే వేశారా, తర్వాత వేశారా?
- ప్లాన్ ఎన్ని అంతస్తులకు ఇచ్చారు?
- ఇల్లు ఎవరి పేరున ఉంది, ఎంతమంది సంతకాలు పెట్టాలి?
- ఎందుకు అమ్ముతున్నారు?

ఆఖరి ప్రశ్నకు జవాబు నిజమే వస్తుందని కాదు. జవాబుకు ముందు ఎంతసేపు ఆగారో గమనించడానికి అడుగుతాను.

మన దగ్గర సెంట్ల లెక్క ఇంకా నడుస్తోంది. సెంటు అంటే 48.4 గజాలు. ఆరు సెంట్లు అంటే 290 గజాల చిల్లర. మధ్యవర్తి నోట్లో అది "మూడొందల గజాలు" అయిపోతుంది. గజం 20,000 రూపాయలు అనుకుంటే ఆ మాట విలువ దాదాపు రెండు లక్షలు.

2. సంచిలో ఉండాల్సినవి

- టేపు
- మంచి వెలుతురున్న టార్చి (ఫోన్ టార్చి చాలదు)
- ఒక గోళీ, ఒక రూపాయి బిళ్ల
- టెస్టర్, ఫోన్ చార్జర్
- నీళ్లకు టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది)
- చిన్న స్క్రూడ్రైవర్ (పాత ఇల్లయితే తప్పనిసరి)
- నోటుబుక్కు: ఎడమ పేజీ మీద "బాగుంది", కుడి పేజీ మీద "బాగాలేదు" అని రాసుకున్నది

నోటుబుక్కు దగ్గర చాలామంది నవ్వుతారు. నవ్వనివ్వండి. ఎడమ పేజీ లేకపోతే ఇంటిని తప్పులెన్నడానికే వెళ్తాం. కుడి పేజీ లేకపోతే షాండ్లియర్ చూసి పడిపోతాం. "బాగుంది" అని రాసిన ప్రతిచోటా పక్కన "ఎందుకంటే" రాయండి. ఆ ఎందుకంటే దగ్గర పెన్ను ఆగిపోయిందంటే బాగున్నది ఇల్లు కాదు, దాని మీద వేసిన లైటు.

3. ఎప్పుడు వెళ్లాలి

కనీసం రెండుసార్లు. మొదటిసారి మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య. పడమటి ఎండ ఏ గదిని ఉడికిస్తుందో అప్పుడే తెలుస్తుంది. రెండోసారి రాత్రి ఎనిమిదికి: పార్కింగ్, కుక్కలు, పక్కింటి మోటారు చప్పుడు, వీధి దీపాలు.

కుదిరితే మూడోసారి, పెద్ద వాన పడిన మర్నాడు. అన్ని పరీక్షలకూ అదే పెద్ద పరీక్ష. అక్టోబరు, నవంబరుల్లో మనకు వాయుగుండాలకు కొరత లేదు కాబట్టి తొందర లేని వాళ్లు ఆ రెండు నెలలు ఆగి చూడటమే మేలు.

4. ఇంటికంటే ముందు వీధి

బండి వీధి మొదట్లోనే ఆపి నడిచి వెళ్లండి. రోడ్డు ఎత్తు ఎంత, ఇంటి గేటు దగ్గర నేల ఎత్తు ఎంత? మన ఊళ్లలో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి లేస్తుంది, ఇల్లు దిగుతుంది. గేటు లోపలి నేల రోడ్డుకంటే కిందకుంటే కుడి పేజీలో మొదటి గీత అదే.

శ్రీకాకుళంలో నాగావళికి దగ్గరి వీధులైతే వరదొచ్చినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో పక్కింటి ముసలమ్మను అడగండి. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది. అమ్మేవాళ్లను అడిగితే "మా వీధికి రాలేదండీ" అంటారు. విజయనగరంలో చెరువుల పక్కన, గెడ్డల పక్కన ఉన్న పల్లపు వీధులకూ ఇదే మాట.

నేను పప్పులో కాలేసింది ఇక్కడే. మా పెద్దమ్మ కొడుకు కోసం ఒక డూప్లెక్స్ చూశాం. నేల అంతా తెల్ల మార్బుల్, కాలు పెట్టాలంటే భయమేసింది. నేనే గట్టిగా మెచ్చుకున్నాను. వీధి కాలువ ఇంటికంటే జానెడు ఎత్తున ఉందని గమనించలేదు. కొన్న ఏడాదే ఒక రాత్రి వానకు కాలువ నీళ్లు బాత్రూమ్ జాలీలోంచి పైకి తన్నాయి. తెల్ల మార్బుల్‌కు ఆ పసుపు మరక ఇప్పటికీ పోలేదు, మా అన్నయ్య దెప్పడం కూడా మానలేదు.

5. పెరడు, ఆ తర్వాత మేడ మీదకి

"ముందు హాల్లో కూర్చోండి, కాఫీ తాగండి" అంటారు. "వెలుగు పోకముందే వెనకవైపు చూసొస్తామండీ" అని తప్పించుకోండి. కాఫీ తాగాక మొహమాటం మొదలవుతుంది.

పెరట్లో చూడాల్సినవి:

- వెనక గోడకు రంగు ఎలా ఉంది? ముందువైపు కొత్త రంగు వేసి వెనక వదిలేస్తే ఇంటి అసలు వయసు అక్కడ కనిపిస్తుంది.
- సెప్టిక్ ట్యాంకు ఎక్కడ, బోరు లేదా నుయ్యి ఎక్కడ? రెంటికీ మధ్య కనీసం యాభై అడుగులు ఉంటే నిశ్చింత. పెద్ద ఇళ్లలో కూడా చాలాచోట్ల ఉండదు.
- గోడను ఆనుకుని కొబ్బరి చెట్టు ఉందా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు ఎన్ని చెట్లు ఇళ్ల మీద పడ్డాయో మన జిల్లాలకు చెప్పక్కర్లేదు.
- బట్టలు ఉతకడానికి, అంట్లు తోమడానికి నీడపట్టున చోటుందా? ఉంటే ఎడమ పేజీలో రాయండి. ఆ ఇల్లు గీసినవాళ్లు ఇంట్లో పని చేసే మనిషిని తలచుకుని గీశారు.

మేడ మీద పది నిమిషాలు తక్కువ కాకుండా ఉండండి. నల్లటి నాచు మచ్చలు ఉన్నచోట నీళ్లు నిలుస్తాయి. ఆ మచ్చ కింద ఏ గది వస్తుందో గుర్తుపెట్టుకుని కిందికి దిగాక ఆ గది కప్పు చూడండి. కొంచెం నీళ్లు పోసి వాలు ఎటు ఉందో చూసినా చాలు.

ట్యాంకు కింద ఏముందో కూడా చూడండి. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. ఆ బరువు స్తంభాల మీద, బీముల మీద పడాలి గానీ ఉత్త స్లాబు నడిమధ్యలో కాదు.

పిట్టగోడను చేత్తో నెట్టి చూడండి. మూడడుగుల పైన ఎత్తుండాలి, కదలకూడదు. గాజు రెయిలింగ్ పెట్టిన చోట్ల బిగింపులు తుప్పు పట్టాయేమో చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మామూలు ఇనుప బోల్టులు త్వరగా పోతాయి. ముందువైపు రెండంతస్తుల ఎత్తు గాజు పెట్టినవాళ్లను తుపాను రాత్రి ఏం చేస్తారని అడగండి. చాలామంది నవ్వేసి ఊరుకుంటారు.

6. గోడలు, స్లాబు

పగుళ్లన్నీ ఒకటి కావు. ఇది తెలియక కొందరు వెంట్రుకంత గీత చూసి మంచి ఇల్లు వదులుకుంటారు, కొందరు వేలు దూరే పగులు చూసి "రంగేస్తే పోతుంది" అనుకుంటారు.

- సాలెగూడులా సన్నటి గీతలు: ప్లాస్టరింగుకు సరిగ్గా నీళ్లు పట్టలేదు. అందం పోతుంది, ప్రమాదం లేదు.
- గోడ, స్లాబు కలిసేచోట అడ్డంగా గీత: ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల ఎక్కువగా వస్తుంది. అక్కడ చెమ్మ కూడా ఉంటే మేడ మీద పని చేయించాలి.
- కిటికీ, గుమ్మం మూలల నుంచి ఏటవాలుగా పోయి ఒక చివర వెడల్పయ్యే పగులు: పునాది ఒకవైపు దిగుతోందేమోనని అనుమానించాలి. బిళ్ల అంచు దూరిందంటే ఇంజినీరును పిలవకుండా బేరం మొదలుపెట్టొద్దు.
- స్లాబు అడుగున, సన్‌షేడ్ అడుగున గోధుమరంగు గీతలు, పెచ్చులు ఊడటం: లోపలి ఇనుము తుప్పు పడుతోంది. పైన సిమెంటు మెత్తితే దాగుతుంది గానీ ఆగదు.

గది మొత్తం పాత రంగులో ఉండి ఒక్క గోడ మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఆ గోడ దగ్గరే ఆగండి. బీరువా వెనక, మంచం తల వెనక టార్చి వేసి చూడండి. కింది అడుగు మేర ఉప్పు పొంగి పౌడర్‌లా రాలుతుంటే నేల చెమ్మ పైకి ఎక్కుతోందన్నమాట.

ఫాల్స్ సీలింగ్ ఉన్న ఇంట్లో అసలు స్లాబు కనిపించదు. దీనికి నా చిట్కా ఒకటుంది. ఇంటివాళ్లను అడిగి ఒక గుండ్రటి లైటు కిందికి లాగించి, ఆ కన్నంలోంచి ఫోన్ పెట్టి ఫ్లాష్‌తో వీడియో తీయండి. రెండు నిమిషాల పని. లైటు తియ్యడానికి ఒప్పుకోకపోతే అదీ కుడి పేజీలో రాసుకోండి.

నేల మీద గోళీ వదలండి. బాత్రూమ్‌లో జాలీ వైపు దొర్లాలి, పడగ్గదిలో ఎటూ దొర్లకూడదు. తలకిందులుగా ఉన్న ఇళ్లు కూడా చూశాను. రూపాయి బిళ్లతో టైళ్లు తట్టండి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు సరిగా పట్టలేదు. ఒకటి రెండైతే పోనీ, వరసంతా అలా మోగితే రేపు లేస్తాయి.

7. నీళ్లు, కరెంటు

అన్ని కుళాయిలూ ఒక్కసారి తిప్పి, ఫ్లష్ కూడా నొక్కండి. పై అంతస్తు బాత్రూమ్‌లో ధార సన్నబడితే పైపు చిన్నది వేశారు. బోరు నీళ్లలో టీడీఎస్ మీటర్ ముంచండి. తాగేనీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిదంటుంది భారత ప్రమాణం. వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటుంది. భోగాపురం, కళింగపట్నం వైపు, సముద్రం దగ్గరి ఊళ్లలో నోట్లో పోసుకుంటేనే ఉప్పదనం తెలిసిపోవచ్చు. బాత్రూమ్ టైళ్ల మీద ఎర్ర చారలుంటే నీళ్లలో ఇనుముంది.

ప్రతి గదిలో ఒక ప్లగ్గులో చార్జర్ పెట్టి చూడండి. మోటారు వేసినప్పుడు లైట్లు మసకబారితే వైరింగు సంగతి ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

8. ఇప్పుడు హాల్లోకి రండి

మొదటి పని, అన్ని లైట్లూ ఆర్పించడం. పట్టపగలు అన్ని లైట్లు వెలుగుతున్నాయంటే ఆ ఇంట్లో పగటి వెలుతురు చాలదేమో చూడాలి. ఫ్యాన్లు కూడా ఆపించి ఎదురెదురు కిటికీలు తెరవండి. ఉక్కపోత మన ప్రాంతంలో పెద్ద సమస్య. గాలి అటునుంచి ఇటు ఆడితే ఆ ఒక్కదానికే ఎడమ పేజీలో రెండు గీతలు.

డబుల్ హైట్ హాలు చూడ్డానికి బాగుంటుంది. ఏసీ బిల్లు, పైన బూజు దులపడం, అంత ఎత్తున బల్బు మార్చడం మీకు వస్తాయి. ఆ ఖాళీలో ఒక గది పోయిందని కూడా గుర్తుంచుకోండి. నా మటుకు నాకు పది, పదకొండు అడుగుల ఎత్తు హాలు, దాని ముందొక వరండా చాలు.

మెట్లు ఎక్కండి, రెండుసార్లు. మెట్టు ఎత్తు ఆరు, ఏడు అంగుళాల మధ్య, కాలు పెట్టే వెడల్పు పది అంగుళాలకు తగ్గకుండా ఉంటే మోకాళ్లకు తెలియదు. అన్ని మెట్లూ ఒకే ఎత్తున ఉండాలి. పై మెట్టు ఒక్కటి అంగుళం ఎక్కువైనా ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు తట్టుకుంటారు. గుండ్రంగా తిరిగే మెట్లు సినిమాల్లో బాగుంటాయి, బీరువా పైకెక్కించేటప్పుడు తెలుస్తుంది వాటి సంగతి.

మెచ్చుకోవాల్సినవీ ఉంటాయి. గుమ్మం చెక్క అతుకులో దారం దూరే సందు లేకపోతే ఆ వడ్రంగి చెయ్యి గొప్పది. టెక్కలి వైపు నీలి గ్రానైట్‌ను మెట్లకు వేసి అంచు నున్నగా తీర్చి ఉంటే ఆగి చూడండి, అది మన పక్క శ్రీకాకుళం జిల్లా రాయే. కిటికీల మీద రెండడుగుల సన్‌షేడ్ వేసినవాడికి ఇక్కడి వాన తెలుసు. ఇవి పట్టుకుని పొగిడితే ఇంటివాళ్ల మొహం వెలుగుతుంది, "ఆ మేస్త్రి ఫలానా ఊరువాడు" అంటూ కట్టిన కథంతా చెబుతారు. ఆ కథలోనే పై అంతస్తు ఎప్పుడు వేసిందీ, ఎక్కడ డబ్బు చాలక ఆపిందీ వచ్చేస్తుంది.

9. పాత బంగ్లా, మండువా ఇల్లు అయితే

విజయనగరం కోట చుట్టుపక్కల, శ్రీకాకుళం పాత వీధుల్లో ఇంకా కొన్ని మిగిలాయి. వీటిని కొత్త ఇంటి లెక్కలతో చూడకూడదు.

దూలం మధ్యలో ఎలా ఉందన్నది కాదు, గోడలోకి దూరేచోట ఎలా ఉందో చూడండి. చెమ్మకు పుచ్చేది అక్కడే. స్క్రూడ్రైవర్‌తో మెల్లగా గుచ్చితే మెత్తగా దిగకూడదు. దూలం మీద పిడికిలితో కొడితే గట్టి మోత రావాలి. గోడ మీద మట్టి గీతలు పైకి పాకుతుంటే చెదలు.

సున్నపు గోడల మీద ఎవరైనా సిమెంటు పూత పూశారా? పూస్తే గోడలోని చెమ్మ బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది, పూత బొబ్బలెక్కి ఊడుతుంది. దీనికి మందు ఆ సిమెంటు గీకేసి మళ్లీ సున్నం పూయించడమే. ఆ పని తెలిసిన మేస్త్రి దొరికాకే బేరం మాట్లాడండి.

మండువాలో పడిన వాన నీరు ఏ దారిన బయటికి పోతుందో బిందెడు నీళ్లు పోసి చూడండి. పెంకు మార్చిన చోట్ల వాసాలు వంగాయేమో కింద నుంచి కన్ను ఒక గీతలో పెట్టి చూడండి.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు వారసులు. తాతగారి ఇంటికి పదిమంది హక్కుదార్లుంటారు. 2005 హిందూ వారసత్వ చట్ట సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకూ కొడుకులతో సమాన హక్కు ఉంది. "అక్కాచెల్లెళ్లకు కట్నం ఇచ్చేశామండీ" అన్న మాట పత్రం కాదు. అందరి సంతకాలూ కావాలి.

10. రేటును రెండు ముక్కలు చేయండి

"కోటీ నలభై ఐదు లక్షలు" అని ఒకే అంకె చెబుతారు. దాన్ని స్థలం ఎంత, కట్టడం ఎంత అని విడదీస్తే ఇంటి మోజుకు ఎంత కడుతున్నామో బయటపడుతుంది. ఇందాకటి ఆరు సెంట్ల ఇల్లే తీసుకుందాం. అంకెలు ఉదాహరణకే, మీ వీధి లెక్క మీరు వేసుకోండి.

- స్థలం: 290 గజాలు × 20,000 = 58 లక్షలు
- కట్టడం: 3,000 చదరపు అడుగులు, ఇవాళ కొత్తగా కడితే అడుగు 2,000 చొప్పున 60 లక్షలు
- వయసు: 15 ఏళ్లు. ఇంటి ఆయుష్షు 60 ఏళ్లనుకుంటే నాలుగో వంతు పోయింది. మిగిలింది 45 లక్షలు
- మొత్తం: కోటీ 3 లక్షలు

పైన అడుగుతున్న 42 లక్షలు దేనికి? ఇంటీరియర్‌కా, భోగాపురం ఎయిర్‌పోర్టు పేరుకా, ఆ షాండ్లియర్‌కా? ఒకోసారి సరైన కారణమే ఉండొచ్చు, మూల స్థలమో, రెండువైపులా రోడ్డో. కారణం వాళ్ల నోటే చెప్పించండి.

రిజిస్ట్రేషన్ ఖర్చు పక్కన పెట్టుకోవడం మరిచిపోవద్దు. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి ఏడున్నర శాతం. కోటి రూపాయల పత్రానికి ఏడున్నర లక్షలు. ఇల్లు 50 లక్షలూ ఆపైన అయితే కొనేవారే అమ్మేవారికిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ఇది నీళ్ల టీడీఎస్ కాదు, ఆదాయపు పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు విదేశాల్లో ఉంటే ఆ లెక్క వేరు, ఆడిటరును అడగండి.

11. కాగితాలు

ఇల్లు ఎంత నచ్చినా ఇవి చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. చదవాల్సింది లాయరు, అడిగి తెప్పించాల్సింది మీరు.

- సేల్ డీడ్, దాని వెనక లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు ఆస్తి చేతులు మారిన పత్రాలు)
- కనీసం 30 ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్: ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల జాబితా)
- ఆమోదించిన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ప్లాన్ ప్రకారం కట్టారని ఇచ్చే పత్రం (ప్లాన్‌లో రెండంతస్తులుండి ఎదురుగా మూడుంటే మూడోదానికి రేటు కట్టొద్దు)
- సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా లేదా: ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి), దేవాదాయ భూములు అక్కడే తేలతాయి
- ఇంటి పన్ను, నీటి పన్ను, కరెంటు బిల్లు బకాయిలు
- బ్యాంకు అప్పు ఉంటే ఎంత మిగిలింది

12. ఇంటివాళ్ల ముందు ఏం మాట్లాడాలి

చెప్పులు విప్పండి. దేవుడి గదిలోకి, బీరువాల్లోకి అడగకుండా వెళ్లొద్దు. ఫొటోకు ముందు అడగండి, మనుషులు పడకుండా తీయండి. కొనేవాళ్లు కాకపోతే ముందే చెప్పేయండి. ఒకసారి శ్రీకాకుళంలో ఒక పెద్దాయన గేటు దగ్గరే నిలబెట్టి "ఏటి బాబూ, కొంటారా, చూసెళ్లిపోతారా?" అన్నారు. "కట్టుకుందామని చూస్తున్నామండీ, ఇల్లు బాగుందని విని వచ్చాం" అన్నాను. కొనేవాళ్లకు కూడా చూపించనంత ఓపిగ్గా చూపించారు.

వాళ్ల ఎదుట మీలో మీరు గుసగుసలాడుకోవద్దు. "వాస్తు బాలేదు" అన్న మాట ఆ ఇంట్లో ఇరవై ఏళ్లు కాపురం చేసినవాళ్ల ముందు అనకూడదు. వాస్తు చూసే పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే ప్లాన్ కాగితం తీసుకెళ్లి ఇంటి దగ్గర చూపించండి.

లోపం చెప్పాల్సివస్తే ప్రశ్నలా అడగండి. "స్లాబు కారుతోంది" అనే బదులు "ఈ మచ్చ ఏ వానకు వచ్చిందండీ?" అంటే చాలు. జవాబు దొరుకుతుంది, గొడవ ఉండదు. రిపేర్లకు ఎంతవుతుందో మేస్త్రితో అంచనా వేయించి, ఆ అంకెను బేరంలో పెట్టండి.

నచ్చలేదా? మర్నాడు పదకొండులోపు మీరే ఫోన్ చేసి చెప్పండి. "ఇల్లు బాగుందండీ, మా ఇంట్లో నలుగురం ముసలివాళ్లం ఉన్నాం, కింద పడగ్గది ఒకటే ఉంది" అని అసలు కారణం ఒకటి చెబితే చాలు. మధ్యవర్తితో చెప్పిస్తే మాట మారిపోతుంది. పైగా మూడు నెలల తర్వాత ఇల్లు అమ్ముడుపోక రేటు దిగితే వాళ్లు ముందుగా ఫోన్ చేసేది మర్యాదగా వద్దన్నవాళ్లకే. మా చిన్నాన్నగారు ఇప్పుడున్న ఇల్లు అలా వచ్చిందే. పడగ్గది సంగతి అంటారా, కింద స్టోర్ రూమ్‌ను మార్చుకున్నారు.